నీడన ఆరిన వడ్లు

వడ్లగింజను బొటనవేలి గోటికీ చూపుడువేలికీ మధ్య నిలబెట్టి, మొన దగ్గర కొంచెం నొక్కితే చాలు, పొట్టు రెండు డొప్పలుగా విడిపోతుంది. ఆ రెండు డొప్పలూ కలిసేచోట సన్నని గీత ఒకటి ఉంటుంది. గోరు ఆ గీత మీదే పడాలి. పక్కన పడితే పొట్టు ఊడదు. బలంగా పడితే లోపలి బియ్యపుగింజ విరుగుతుంది. ఈ కాస్త సంగతి చేతికి అలవాటయ్యేసరికి నాకు మూడు రోజులు పట్టింది. నాలుగో రోజుకి బొటనవేలి గోటి కింద చర్మం ఎర్రబడి, వేడి అన్నం కలుపుకోవాలంటే మంట పుట్టేది.

మా రాజమండ్రికి దగ్గర్లోనే ఉన్న కోరుకొండలో కొందరు రామభక్తులు ఏటా ఈ పని తలపెడతారు. భద్రాచలం సీతారాముల కల్యాణానికి తలంబ్రాల కోసమని ప్రత్యేకంగా వరి పండిస్తారు. వానరుల వేషాలు కట్టుకుని మరీ పొలంలోకి దిగుతారు. పంట ఇంటికి వచ్చాక ఆ వడ్లు ఊరూరా పంచుతారు. తీసుకున్నవాళ్లు రోకలి గానీ మిల్లు గానీ తగలనీయకుండా గోటితోనే ఒలిచి, తిరిగి అప్పగించాలి. భద్రాద్రికే కాదు, కడప జిల్లా ఒంటిమిట్ట రాముడి కల్యాణానికీ ఇవి వెళ్తాయి. భద్రాచలంలో పెళ్లి మిట్టమధ్యాహ్నం, అభిజిత్ లగ్నంలో. ఒంటిమిట్టలో రాత్రిపూట, పండువెన్నెల్లో. ఆ రెండు పెళ్లిళ్లకీ వెళ్లే ఈ తలంబ్రాలు ఏ ఇంటి డాబా మీదో, ఏ అరుగు మీదో ఒక్కో గింజగా తయారైనవే. షరతు ఒక్కటే, గింజ విరగకూడదు. అక్షతలు అంటేనే విరగనివి కదా.

మా వీధిలో ఒకావిడ సంక్రాంతి వెళ్లిన వారానికి సంచీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఎవరి ఓపిక కొద్దీ వాళ్లు తీసుకున్నారు, గుప్పెడనీ పావుకిలో అనీ. నేను కిలో తీసుకున్నాను. మా ఆయన వసారాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నవారు తలెత్తి చూశారు.

"కిలో వడ్లంటే దగ్గర దగ్గర యాభై వేల గింజలు. గింజకి నాలుగు సెకన్లనుకున్నా యాభై అయిదు గంటలు పడుతుంది," అన్నారు.

ఆయన ముప్పై ఏళ్లు రైసుమిల్లులో గుమాస్తా. క్వింటా ధాన్యానికి 67 కిలోల బియ్యం లెక్క చెప్పాలి, తౌడు ఎంత, నూక ఎంత, ఊక ఎంత, అదే ఆయన జీవితం. ఆ లెక్క ఆయన మామూలుగానే చెప్పారు. నాకు మాత్రం అది ఎత్తిపొడుపులా వినిపించింది. నేను చేసే పూజనో వ్రతాన్నో ఆయన గంటల్లో కొలిచినట్టు అనిపించింది. అలా అనిపించడానికి వెనక చాలా ఏళ్లున్నాయి.

1992 వేసవిలో మా పెళ్లయింది. అప్పటికి ఆయన నాతోపాటు గుళ్లోకి వచ్చేవారు. గోదావరి గట్టున మార్కండేయస్వామి గుడికి వెళ్లి, అట్నుంచి అటే పుష్కరాల రేవుకి దిగి, కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చునేవాళ్లం. నాలుగైదేళ్లు గడిచాక ఒకసారి గుడి దగ్గర, "నువ్వు వెళ్లిరా, చెప్పుల దగ్గర నేనుంటాను," అన్నారు. ఆ పూటకే అనుకున్నాను. ఆ మాట పాతికేళ్ల పైన నడిచింది. ఏ గుడికి వెళ్లినా ఆయన బయటే. ద్వారకా తిరుమల వెళ్లినా, అన్నవరం వెళ్లినా అంతే. నన్ను తీసుకెళ్తారు, క్యూలో నిలబెడతారు, టిక్కెట్టు కొనిపెడతారు, ప్రసాదం ఇస్తే కళ్లకద్దుకోకుండా తింటారు. నన్ను ఒక్కనాడూ వద్దనలేదు. నేనొక్కదాన్నే లోపల నిలబడి, పక్కన జంటలు జంటలుగా హారతి కళ్లకద్దుకుంటుంటే చూసి, స్వామీ ఈయన మనసు మార్చు అని వేడుకునేదాన్ని. శనివారం ఉపవాసాలు అందుకే పట్టాను. కార్తిక దీపాలు అందుకే పెట్టాను. నా కొడుకు చదువూ, నా తల్లి ఆరోగ్యమూ మొక్కుల్లో వస్తూ పోతూ ఉండేవి. ఇది మాత్రం ఏ ఏడూ తప్పలేదు.

తెచ్చిన వడ్లు చేతికి కొంచెం చల్లగా తగిలాయి. ఆరితేగానీ పొట్టు ఊడదని, మర్నాడు డాబా మీద చాప పరిచి ఎండబోశాను. మాఘమాసపు ఎండ, అప్పుడప్పుడే చురుక్కుమంటోంది. ఆయన పైకి వచ్చి చూసి, "అలా ఒక్కసారిగా ఎండలో పెట్టకు. పగుళ్లొస్తాయి. నీడన ఆరబెట్టు," అన్నారు.

"గుడి గడప తొక్కని వాళ్లు దేవుడి వడ్ల గురించి చెప్పక్కర్లేదు," అన్నాను.

అనేశాక నాకే గొంతు ఎండిపోయింది. ఆయన ఏమీ అనలేదు. కిందకి దిగి వెళ్లిపోయారు. మూడు రోజులు ఆ వడ్లు డాబా మీదే ఉన్నాయి. పగలు ఎండ, రాత్రి మంచు. నేను పంతంతో వాటిని లోపలికి కూడా తీయలేదు.

ఒలవడం మొదలుపెట్టాక తెలిసింది. గీత మీదే గోరు పెట్టినా, ఎంత మెల్లగా నొక్కినా, పదింటికి నాలుగు రెండు ముక్కలై వస్తున్నాయి. మొదట నా చెయ్యి మొరటుదనుకున్నాను. తర్వాత నా పాపమేమో అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను, ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ దిగులు గుర్తొస్తోంది. ఒకరోజు మధ్యాహ్నం పళ్లెంలో మంచిగింజలకంటే నూకే ఎక్కువగా కనబడేసరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆయన వచ్చి ఎదురుగా పీట వేసుకు కూర్చున్నారు. ఒక వడ్లగింజ తీసి నెమ్మదిగా ఒలిచి, ఆ బియ్యపుగింజను కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

"ఇటు చూడు," అన్నారు.

గింజ నడుముకి అడ్డంగా వెంట్రుకంత గీత. నొక్కకముందే అక్కడ పగిలి ఉంది.

ఆయన చెప్పింది ఇదీ. తేమగా ఉన్న వడ్లను గట్టి ఎండలో పెడితే పైపైన గబగబా ఆరుతుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. పై పొర బిగుసుకుపోతుంది, లోపలిది దాన్ని లాగుతూ ఉంటుంది. రాత్రికి మంచు పడితే ఆరిన పొర మళ్లీ చెమ్మ పీలుస్తుంది. ఆ లాగుడులో గింజ లోపలే చీలుతుంది. పొట్టు మీద చూస్తే ఏమీ తెలియదు. మిల్లులో పడ్డాకే నూకగా బయటపడుతుంది. అందుకే మిల్లువాళ్లు తేమ 14 శాతం దగ్గరికి దిగేదాకా నెమ్మదిగా ఆరనిస్తారు, తొందరపడరు. "నీ చేతి తప్పు కాదు. నీ చేతికి వచ్చేసరికే అది విరిగి ఉంది," అన్నారు.

నా మాటకి మాట చెప్పడానికి ఆయనకి అది మంచి సమయం. ఆ ఊసే ఎత్తలేదు. నూకంతా చేటలోకి ఎత్తి, "రేపు జావ కాయి, మజ్జిగ పోసుకు తాగుదాం," అన్నారు. తాగాం కూడా. ఉల్లిపాయ ముక్కలూ, వేయించిన ఊరమిరపకాయా నంజుకుని.

సంచీ ఆవిడ దగ్గరికి వెళ్లి సంగతి చెప్పి, ఇంకో అరకిలో తెచ్చుకున్నాను. ఈసారి ఆయనే తీసుకున్నారు. వసారాలో పాత పంచె నాలుగు మడతలు వేసి పరిచి, దాని మీద పల్చగా పోశారు. పూటకి రెండుసార్లు చేత్తో కలియబెట్టేవారు. చీకటి పడేసరికి పైన ఇంకో గుడ్డ కప్పేవారు, మంచు తగలకుండా. అయిదో రోజు ఒక గింజ పంటికింద పెట్టి కొరికారు. టక్కుమని చప్పుడైంది. "ఇప్పుడు ఒలుచుకో," అన్నారు. మిల్లులో తేమ చూసే మిషన్లు రాకముందు అందరూ అలాగే చూసేవారట.

శివరాత్రి వెళ్లేసరికి చలి పూర్తిగా పోయింది. వేసవి మొదట్లో రాజమండ్రి సాయంత్రాలు నాకు ప్రాణం. అయిదింటికి రెండు బకెట్ల నీళ్లు పైకి మోసి డాబా మీద చల్లితే, కాలిన సిమెంటు ఒక్కసారి ఆవిరి వదిలి, తర్వాత చల్లబడుతుంది. ఏడింటికల్లా గోదారి మీంచి గాలి తిరుగుతుంది. పెళ్లయిన కొత్తలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో ఆ డాబాయే మా పడకగది. నులకమంచం వేసి, దాని పక్కన మట్టికుండ పెట్టి, కుండ చుట్టూ తడిగుడ్డ చుట్టి, నక్షత్రాలు చూస్తూ పడుకునేవాళ్లం. తర్వాత ఇంట్లో ఏసీ వచ్చింది, తలుపులు మూసుకున్నాం. ఈ వడ్ల పుణ్యమా అని మళ్లీ పైకి చేరాం. గది లైటు కింద ఒలిస్తే కళ్లు లాగుతున్నాయి, ఉక్కగానూ ఉంది. అందుకని మెట్లగది బయట బల్బు వేసుకుని, చాప మీద పళ్లెం పెట్టుకుని నేను కూర్చునేదాన్ని.

మొదటి రోజు ఆయన మంచినీళ్ల చెంబు తెచ్చిపెట్టి వెళ్లిపోయారు. రెండో రోజు మల్లెపూల పొట్లం తెచ్చి పక్కన పెట్టి కాసేపు నిలబడ్డారు. మూడో రోజు కూర్చున్నారు. అడగకుండానే చేయి చాచి పళ్లెంలోంచి గుప్పెడు గింజలు తీసుకున్నారు. నేను ఊపిరి బిగబట్టాను. ఏమైనా అంటే లేచిపోతారేమోనని. ఆయన చేతి ఒడుపు చూస్తే ఆశ్చర్యం వేసింది. ఒక్క గింజా విరగడం లేదు. జీవితమంతా వడ్లని పట్టుకున్న చేతులు మరి.

అలా ఎనిమిదో తొమ్మిదో రాత్రుళ్లు గడిచాయి. పెద్దగా మాటలుండేవి కావు. పక్కడాబా మీద పిల్లలు కబుర్లు చెప్పుకునేవారు, కింద వీధిలో ముంజికాయల బండి వెళ్లేది. ఒక రాత్రి ఆయన తనంతట తానే మొదలుపెట్టారు.

"తుపాను వచ్చిన ఏడు నాన్నతో అంతర్వేది వెళ్లాను, గుర్తుందా?"

గుర్తుంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమను తుడిచిపెట్టేసింది. మా మామగారి ఊరు ముమ్మిడివరం వైపు. ఎకరన్నర కొబ్బరితోట ఒక్క రాత్రిలో నేలమట్టమైంది. కోతకొచ్చిన చేను నీళ్లలో మునిగింది. మేం మూడో రోజుకి ఊరు చేరుకుంటే, ఎప్పుడూ చెట్ల నీడన మసకగా కనబడే ఆ ఇల్లు బట్టబయలున, ఎండలో నిలబడి ఉంది. ఆ వెలుతురు చూసి నేను భయపడ్డాను. ఊళ్లో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే మామగారు మౌనంగా విన్నారు. ఏటా భీష్మ ఏకాదశికి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి తోటలోని మొదటి గెల తీసుకెళ్లడం ఆయన అలవాటు. ఆ ఏడు గెల లేదు. అయినా బయల్దేరారు. మా ఆయన తోడు వెళ్లారు. నేను మూడేళ్ల పిల్లాడితో ఇంట్లోనే ఉండిపోయాను.

"స్వామి ఎదుట నిలబడ్డాను. చేతులు జోడించాను. ఏం అడగాలో తెలియలేదు. పడిపోయిన చెట్లని అడగాలా? కొత్తమొక్క పెడితే కాపుకి ఆరేడేళ్లు. నాన్న వయసు అప్పటికే అరవై దాటింది. పోయినవాళ్లని అడగాలా? అడగడానికి ఏదీ తోచక, పక్కకి తిరిగి నాన్నని చూశాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. మొహం ప్రశాంతంగా ఉంది. చాలాసేపు అలాగే ఉన్నారు. తిరిగి వస్తుంటే పంటులో అడిగాను, ఏం కోరుకున్నావు నాన్నా అని."

ఆగారు. చేతిలో గింజ ఒలిచి మంచివాటిలో వేశారు.

"అడగడానికి వెళ్లామా, అన్నారు. అంతే. ఇంకేం చెప్పలేదు."

నేను ఏమీ అనలేకపోయాను.

"నాకు అది చేతకాలేదు. ఎప్పుడు చేతులు జోడించినా అడగడమే వచ్చేది. అడుగుతుంటే ఆ చెట్లు గుర్తొచ్చేవి. నాన్నలాగా ఏమీ అడక్కుండా నిలబడటం వచ్చాక లోపలికి వెళ్దామనుకున్నాను. ఏళ్లు గడిచిపోయాయి."

"మరి ఇది?" అని పళ్లెం వైపు చూపించాను.

"ఇందులో అడిగేదేముంది? గింజ ఒలవడమే కదా."

కోపమనుకున్నాను ఇన్నేళ్లూ. నిర్లక్ష్యమనుకున్నాను. మిల్లు లెక్కల్లో పడి మనసు మొద్దుబారిందనుకున్నాను. ఆయన చెప్పుల దగ్గర నిలబడి తన తండ్రి దగ్గర చూసిన భక్తి తనకీ అబ్బాలని ఎదురుచూస్తున్నారని నాకు ఒక్కసారీ తట్టలేదు. ఆ కాలమంతా లోపల నేను చేసిందేమిటి? అడగడం. అందులోనూ ఈయన్ని మార్చమని అడగడం. నా భర్త మీద స్వామికి ఏడాదికి ఎన్నిసార్లు ఫిర్యాదు చేశానో లెక్కకట్టాలంటే ఆయనే కావాలి. మా మామగారు ఆ తర్వాత బతికున్న రెండేళ్లలో ఆయన పక్కనే కూర్చుని అన్నం వడ్డించాను. ఆ పంటులో మాట నాకూ చెప్పేవారేమో, ఆయన్ని నేనెప్పుడూ ఏమీ అడగలేదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఎండలో పెట్టిన వడ్లే కళ్లముందు మెదిలాయి. నేను ఆయన మీద పెట్టిన పంతాలూ, ఉపవాసం రోజుల్లో మాట్లాడకుండా మొహం ముడుచుకోవడాలూ, పిల్లాడి ఎదుటే "మీ నాన్నకి దేవుడంటే పట్టదు" అనడాలూ. ఎన్ని పగుళ్లు పెట్టానో. ఆయన విరగకుండా ఎలా ఉన్నారో నాకు తెలియదు. బహుశా ఆయనే ఎప్పటికప్పుడు నీడకి జరుగుతూ వచ్చారు.

ఆ శనివారం గుడికి వెళ్లినప్పుడు ఏమీ అడగకూడదని గట్టిగా అనుకుని నిలబడ్డాను. పది లెక్కపెట్టేలోపే పిల్లాడి ఉద్యోగం గుర్తొచ్చింది, మా అమ్మ కళ్ల ఆపరేషన్ గుర్తొచ్చింది. ఆయన చెప్పింది ఎంత కష్టమైన పనో అప్పుడు అర్థమైంది. అడిగాను, ఆ రెండూ అడిగాను. మూడోది మాత్రం అడగలేదు. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఆయన రావిచెట్టు కింద ఎవరో ముసలావిడకి చెప్పుల చీటీ వెతికిపెడుతున్నారు. ఇన్ని ఏళ్లుగా అక్కడ ఆయన ఏం చేస్తుంటారో నేను చూడలేదు. ఆ రోజు కాసేపు మెట్ల మీదే నిలబడి చూశాను.

ఒలిచిన బియ్యం కిలోకి తక్కువే వచ్చింది, నూకపోను. పసుపు కలపకుండా, తడి తగలకుండా డబ్బాలో పోసి సంచీ ఆవిడకి అప్పజెప్పాను. ఆవిడ గుప్పెట్లోకి తీసుకుని చూసి, "ఇవి ఇంత నిండుగా ఉన్నాయే," అంది. అవి నీడన ఆరినవని చెప్పాను.

శ్రీరామనవమికి మా వీధి చివర తాటాకు పందిరి వేశారు. భద్రాచలం కల్యాణం టీవీలో వస్తోంది. తానీషా కాలం నుంచీ పాలకులు ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ గురించి వ్యాఖ్యాత చెబుతున్నారు. ఆ ముత్యాలతోపాటు మా డాబా మీది గింజ కూడా ఏదో ఒకటి ఆ దోసిట్లో ఉంటుందన్న ఆలోచనకే నాకు గుండె నిండిపోయింది. పందిట్లో పానకం కలపడం నా పని. బెల్లం నానబెట్టి వడగట్టి, మిరియాలూ శొంఠీ దంచి, యాలకులు వేసి, ఇత్తడి గంగాళంలో కలిపాం. నానబెట్టిన పెసరపప్పులో కొబ్బరికోరు, పచ్చిమిరపకాయ ముక్కలు, మామిడికోరు వేసి వడపప్పు. మండే ఎండలో నిలబడి మొదటి గుక్క పానకం తాగితే మిరియం ఘాటు గొంతులో తగిలి, వెంటనే బెల్లం చల్లగా దిగుతుంది. వేసవి మొత్తానికి అంతకంటే రుచి ఇంకోటి లేదంటాను. మా ఆయన పందిరి బయట నిలబడి, ఎండన పడి వచ్చే రిక్షావాళ్లకీ, కూలీలకీ గ్లాసులు అందిస్తున్నారు.

పన్నెండు గంటలకి మైకులో జీలకర్రా బెల్లం అన్నారు. బాజాలు మోగాయి. అందరూ అక్షతలు వేస్తున్నారు. నేనూ వేసి, కళ్లు మూసుకున్నాను. ఆ క్షణంలో ఆయన చేతులు జోడించారో లేదో నేను చూడలేదు.

మే నెలలో ఆవకాయ పెట్టాం. ముక్కలు ఆయన కొట్టించుకొచ్చారు, కారం, ఆవపిండి, ఉప్పు పాళ్లు నేను కలిపాను. మూడోనాడు జాడీ తిరగగలిపి, వేడన్నంలో వెన్నపూస వేసి మొదటి ముద్ద ఆయనకి పెట్టాను. రాత్రి డాబా మీద మంచాలు వేసుకున్నాం. కుండలో నీళ్లు వట్టివేరు వాసన వేస్తున్నాయి. నా గోరు మానిపోయింది, ఎరుపు కూడా పోయింది. దుప్పటి దులుపుతుంటే దాని అంచు కుట్టులో ఇరుక్కున్న వడ్లగింజ ఒకటి రాలింది. ఆయన చీకట్లోనే తడిమి పట్టుకుని ఒలిచారు.

"విరిగిందా?" అన్నాను.

"లేదు," అని నా అరచేతిలో పెట్టారు. కాసేపాగి, అటు తిరిగి పడుకుంటూ అన్నారు. "వచ్చే ఏడు రెండు కిలోలు తీసుకో. ఆరబెట్టేది మాత్రం నేను."